అక్టోబరులో ఇచ్చిన మాట: ఫోల్సమ్ జలాశయం, అమెరికన్ నది, సాల్మన్ రాకడ – ఒక కేస్ స్టడీ

కాలిఫోర్నియా రాష్ట్ర చరిత్రలో నమోదైన అత్యంత పొడి సంవత్సరాల్లో 2013 ఒకటి. 2014 జనవరి 17న గవర్నర్ జెర్రీ బ్రౌన్ కరువు అత్యవసర పరిస్థితిని ప్రకటించే నాటికి, శాక్రమెంటో నగరానికి ఎగువన అమెరికన్ నదిపై ఉన్న ఫోల్సమ్ జలాశయంలో సామర్థ్యంలో 17 శాతం దాపున మాత్రమే నీరు మిగిలింది. అప్పటికే సముద్రం నుంచి దిగువ నదిలోకి వచ్చిన చినూక్ సాల్మన్ చేపలు గులకరాళ్ల మధ్య గుంటలు తవ్వి గుడ్లు పెట్టి, వాటిపై రాళ్లు కప్పి చనిపోయాయి. అవి గుడ్లు పెట్టినప్పుడు నదిలో వెయ్యి క్యూసెక్కులకు పైగా ప్రవాహం ఉండేది. జనవరిలో ఆ ప్రవాహాన్ని 500 క్యూసెక్కులకు తగ్గించవలసి వచ్చింది. ఒడ్డు వెంబడి లోతు తక్కువగా ఉన్న చోట్ల పెట్టిన గుడ్లపై నీరు తొలగిపోయింది.

జలాశయ నిర్వహణ ప్రణాళికల్లో పనిచేసే ఇంజనీరుగా నేను ఈ సంఘటనను తరచూ ఉదాహరణగా తీసుకుంటాను. చేపలకు ఎంత ఎక్కువ నీరు వదిలితే అంత మేలన్న నమ్మకం సామాన్యుల్లోనే కాదు, మన వృత్తిలోని వారిలోనూ బలంగా ఉంది. ఫోల్సమ్ అనుభవం మరొకటి చెబుతోంది. అక్టోబరు, నవంబరు నెలల్లో మనం వదిలే ప్రవాహం చేపకు ఇచ్చిన మాట వంటిది. గుడ్లు పొదిగి పిల్లలు రాళ్ల సందుల్లోంచి పైకి వచ్చేదాకా, అంటే చలికాలం చివరి వరకు, ఆ మాట నిలబెట్టుకునే నిల్వ మన దగ్గర ఉందో లేదో ముందే లెక్క చూసుకోవాలి. నిలబెట్టుకోలేని 1,500 క్యూసెక్కుల కంటే, నిలబెట్టుకోగలిగిన 800 క్యూసెక్కులు చేపకు ఎంతో మేలు చేస్తాయి.

జలాశయం, దాని కట్టడాలు

ఫోల్సమ్ ఆనకట్టను అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం నిర్మించి, 1956లో కేంద్ర ప్రభుత్వ నీటి నిర్వహణ సంస్థ అయిన బ్యూరో ఆఫ్ రిక్లమేషన్‌కు అప్పగించింది. నది నడిమిని కట్టిన కాంక్రీటు ఆనకట్ట ఎత్తు 340 అడుగులు. దానికి ఇరువైపులా మట్టికట్టలు చాలా దూరం సాగి జలాశయాన్ని చుట్టుముడతాయి. నిల్వ సామర్థ్యం 9,77,000 ఎకరా-అడుగులు, అంటే మన లెక్కలో సుమారు 42.5 టీఎంసీలు. నాగార్జునసాగర్‌లో ఇది ఏడో వంతు మాత్రమే. నదిలో సగటున ఏటా వచ్చే నీరు మాత్రం ఇరవై ఏడు లక్షల ఎకరా-అడుగులు, అంటే 117 టీఎంసీల చిల్లర. నదికి జలాశయం చిన్నది కాబట్టి అది దాదాపు ప్రతి ఏడాదీ నిండుతుంది, ప్రతి ఏడాదీ ఖాళీ అవుతుంది. ఒక మంచి సంవత్సరపు నీటిని మరుసటి కరువుకు దాచుకునే అవకాశం ఇక్కడ చాలా తక్కువ, కింద చెప్పబోయే చిక్కుల్లో చాలావాటికి మూలం ఇదే.

ఫోల్సమ్‌కు ఏడు మైళ్ల దిగువన నింబస్ ఆనకట్ట ఉంది. ఈ రెంటి మధ్య ఏర్పడిన చిన్న సరస్సు పేరు లేక్ నటోమా. ఫోల్సమ్ విద్యుత్ కేంద్రం కరెంటు గిరాకీ ఉన్న గంటల్లో ఎక్కువ నీరు వదులుతుంది, గిరాకీ తగ్గగానే ఆపేస్తుంది. ఆ ఎగుడుదిగుళ్లను లేక్ నటోమా తనలో ఇముడ్చుకోగా, నింబస్ నుంచి నదిలోకి మాత్రం నీరు రోజంతా ఒకే తీరున వెళుతుంది. అందుకే లేక్ నటోమాలో నీటిమట్టం ఒక్క రోజులోనే కొన్ని అడుగులు పెరిగి తగ్గుతుంది. అక్కడ పడవలు నడిపేవారికి ఇది అసౌకర్యమే అయినా, దాని దిగువన 23 మైళ్ల నదిలో చేప పిల్లలు గంటకొకసారి ఒడ్డున చిక్కుకుపోకుండా ఉంటున్నాయంటే ఆ అసౌకర్యమే కారణం.

ఈ 23 మైళ్లే సాల్మన్‌కు మిగిలిన నది. బంగారం కోసం జరిగిన తవ్వకాలు, 1890ల్లో కట్టిన పాత ఫోల్సమ్ ఆనకట్ట ఎగువ పాయలకు దారిని చాలావరకు దెబ్బతీశాయి, 1955లో వచ్చిన నింబస్ దాన్ని పూర్తిగా మూసివేసింది. వంద మైళ్లకు పైగా ఎగువ నదీ మార్గం చేపకు అందకుండా పోయింది. వసంతంలో వచ్చి, వేసవంతా కొండల్లోని చల్లని మడుగుల్లో గడిపే సాల్మన్ జాతి ఈ నదిలో అంతరించింది. శరదృతువులో వచ్చి వెంటనే గుడ్లు పెట్టే చినూక్, చలికాలంలో వచ్చే ట్రౌట్ జాతి చేప స్టీల్‌హెడ్ మిగిలాయి. సెంట్రల్ వ్యాలీ స్టీల్‌హెడ్‌ను 1998లో ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు.

పోయిన నదికి పరిహారంగా నింబస్ పక్కనే 1955లో హేచరీ నెలకొల్పారు. ఖర్చు రిక్లమేషన్ భరిస్తుంది, నిర్వహణ రాష్ట్ర మత్స్య, వన్యప్రాణి శాఖది. ఏటా 40 లక్షల చినూక్ పిల్లలను, 4,30,000 స్టీల్‌హెడ్ పిల్లలను పెంచి విడిచిపెట్టడం దాని లక్ష్యం. నీటి ఉష్ణోగ్రత 60 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే 15.6 సెల్సియస్‌కు దిగివచ్చాక, సాధారణంగా నవంబరు మొదట్లో, చేపలు మెట్లెక్కి లోపలికి రావడానికి వీలుగా ఫిష్ ల్యాడర్ తెరుస్తారు. మొన్నమొన్నటి వరకు చేపలను అటు మళ్లించేందుకు నదికి అడ్డంగా ఇనుప కడ్డీల తడికను ఏటా నిలబెట్టేవారు. అది నిలబెట్టడానికి సరిగ్గా చేపలు వచ్చే కాలంలోనే ప్రవాహాన్ని తగ్గించవలసి వచ్చేది. ల్యాడర్‌ను నింబస్ ఆనకట్ట అడుగున ఉన్న మడుగు దాకా పొడిగించి కొత్తగా కట్టడంతో ఆ తడిక అవసరం తప్పింది. పైకి చూడటానికి ఇది ఒక చిన్న సివిల్ పని. కానీ ఒక కట్టడపు అవసరం కోసం నది ప్రవాహాన్ని మార్చే పద్ధతికి స్వస్తి పలికింది కాబట్టి, ఈ నదిలో జరిగిన మంచి పనుల్లో దీన్ని నేను ముందు వరుసలో ఉంచుతాను.

అక్టోబరు లెక్క

ఆడ చినూక్ తోకతో గులకరాళ్లను కొట్టి గుంట తవ్వుతుంది. లోతు, వేగం, రాళ్ల పరిమాణం మూడూ కుదిరిన చోటే తవ్వుతుంది. ప్రవాహం ఎక్కువగా ఉంటే నది వెడల్పవుతుంది, ఒడ్డుల దగ్గరి పలుచని నీటిలోనూ ఆ మూడూ కుదురుతాయి, చేపలు అక్కడా గుడ్లు పెడతాయి. గుడ్లు నీటి చల్లదనాన్ని బట్టి సుమారు రెండు నెలలకు పొదుగుతాయి, ఆ తరువాత కూడా పిల్లలు కొన్ని వారాలు రాళ్ల కిందే పొట్టకు అంటుకున్న పచ్చసొనతో బతుకుతాయి. నవంబరు చివరలో పెట్టిన గుడ్లకు ఫిబ్రవరి, ఒక్కోసారి మార్చి దాకా పైన నీరు పారుతూ ఉండాలి. ఇంతలో ప్రవాహం తగ్గితే ముందు ఎండిపోయేది ఒడ్డు దగ్గరి గుంటలే.

ఇప్పుడు 2014 జనవరి లెక్క చూద్దాం. 42.5 టీఎంసీల్లో 17 శాతమంటే ఏడు టీఎంసీల చిల్లర. వెయ్యి క్యూసెక్కుల ప్రవాహాన్ని జనవరి మొదలు మార్చి చివరి దాకా నిలపాలంటే 7.8 టీఎంసీలు కావాలి. అంటే ఇన్‌ఫ్లో ఆగిపోయిందనుకుంటే, జలాశయం మొత్తాన్ని ఖాళీ చేసినా ఆ మాట నిలబడదు. అదే 500 క్యూసెక్కులైతే 3.9 టీఎంసీలతో గడుస్తుంది. ఫోల్సమ్, రోజ్‌విల్ పట్టణాలు తాగే నీరు నేరుగా ఆనకట్టలోని తూము నుంచే వస్తుంది. నీటిమట్టం ఆ తూము కంటే దిగువకు పడితే లక్షల మందికి కుళాయి ఆగుతుంది. ఆ జనవరిలో విడుదల తగ్గించిన వారిని తప్పుపట్టడానికి లేదు, అప్పటికి వారి చేతుల్లో మరో దారి మిగలలేదు. దారి మిగిలి ఉన్నది అంతకుముందు అక్టోబరులో. నిల్వ ఎంత ఉందో, వానలు రాకపోతే మార్చికి ఎంత మిగులుతుందో అప్పుడే చూసి, చేపలు వచ్చే వేళకు ప్రవాహాన్ని నిలబెట్టగలిగిన స్థాయికి తెచ్చి ఉంటే, అవి నది మధ్యలో గుంటలు తవ్వుకునేవి. ఇరుకుదనం వల్ల కొన్ని గుంటలపై మరో చేప మళ్లీ తవ్వి నష్టం కలిగించేది, నిజమే. అయినా ఎండిపోయిన గుడ్ల నష్టంతో పోలిస్తే ఆ నష్టం తక్కువని నా అభిప్రాయం.

ఈ అవగాహన నిబంధనల్లోకి రావడానికి చాలా కాలం పట్టింది. 1958లో రాష్ట్ర జల హక్కుల బోర్డు ఇచ్చిన 893వ నిర్ణయం ప్రకారం నదిలో ఉండవలసిన కనీస ప్రవాహం సెప్టెంబరు మధ్య నుంచి డిసెంబరు చివరి దాకా 500 క్యూసెక్కులు, మిగిలిన కాలమంతా 250. నదిని బతికించే ప్రమాణం కాదది. జనవరి 1 రాగానే కనీస ప్రవాహం సగానికి పడిపోవచ్చని రాసినప్పుడు, గుడ్లు అప్పటికి రాళ్ల కిందే ఉంటాయన్న సంగతిని ఎవరూ పట్టించుకోలేదన్నమాట. 1990లో ఆలమేడా కౌంటీ న్యాయమూర్తి రిచర్డ్ హాడ్జ్ ఇచ్చిన తీర్పు పరిస్థితిని మార్చింది. శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియా తూర్పు పట్టణాలకు నీరిచ్చే సంస్థ ఈ నది నుంచి నీరు తీసుకోవాలంటే, నదిలో అక్టోబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా 2,000, మార్చి నుంచి జూన్ దాకా 3,000, జూలై నుంచి అక్టోబరు మధ్య దాకా 1,750 క్యూసెక్కులు ఉండాలని ఆ తీర్పు షరతు పెట్టింది. అది ఆ ఒక్క సంస్థకే వర్తించినా, నదికి ఎంత కావాలన్న చర్చకు తొలిసారిగా గట్టి కొలమానం దొరికింది.

ఆ తరువాత నీటి సరఫరా సంస్థలు, పర్యావరణ సంఘాలు, వ్యాపారులు, స్థానిక ప్రభుత్వాలు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఏళ్ల తరబడి చర్చించి 2000లో వాటర్ ఫోరమ్ ఒప్పందంపై సంతకాలు చేశాయి. నమ్మకమైన నీటి సరఫరా ఒకటి, దిగువ నదిలోని చేపలు, వన్యప్రాణులు, వినోదం, సౌందర్యాల పరిరక్షణ మరొకటి, ఈ రెండు లక్ష్యాలకూ సమాన స్థాయి ఇవ్వడం ఆ ఒప్పందపు ప్రాణం. దాని నుంచి వచ్చిన ప్రవాహ ప్రమాణం 2017 నాటి రూపంలో కనీస విడుదలను కాలాన్ని బట్టి, ఆ ఏటి నీటి లభ్యతను బట్టి 500 నుంచి 2,000 క్యూసెక్కుల మధ్య నిర్ణయిస్తుంది. గుడ్లు పెట్టిన తరువాత ప్రవాహం ఎంతవరకు తగ్గవచ్చో ప్రత్యేకంగా హద్దు గీస్తుంది. రిక్లమేషన్ 2019లో ఈ పద్ధతిని తన నిర్వహణ ప్రణాళికలోకి తీసుకుంది. 500 అన్న అంకె 1958లోనూ ఉంది, ఇప్పుడూ ఉంది. తేడా ఏమిటంటే, ఇప్పుడది నిల్వను చూసి ముందుగా ఎంచుకునే అంకె, ఎంచుకున్నాక గుడ్లు పొదిగేదాకా కట్టుబడి ఉండవలసిన అంకె.

చల్లని నీరు అనే రెండో ఖాతా

పరిమాణంతో పాటు ఉష్ణోగ్రతకు కూడా విడిగా లెక్క రాసుకోవాలి. చలికాలపు వాననీరు, కరిగిన మంచు జలాశయం అడుగున చేరి, వేసవిలో పైపొర వేడెక్కినా అడుగున చల్లగా ఉండిపోతుంది. ఈ చల్లని నీరు ఏడాదికి ఒక్కసారే వస్తుంది, వేసవిలో అయిపోతే శరదృతువుకు మిగలదు. విద్యుత్ కేంద్రానికి నీరందించే మూడు పెద్ద గొట్టాల, అంటే పెన్‌స్టాక్‌ల ముందు షట్టర్లు ఉన్నాయి. వాటిని దించి ఉంచితే పైపొర నీరు, ఎత్తితే కింది పొర నీరు వెళుతుంది. వసంతంలో పైపొర నీటిని వాడుతూ, ఎండలు ముదిరేకొద్దీ షట్టర్లను అంచెలంచెలుగా ఎత్తుతూ పోవాలి. అంచెలు కొన్నే కాబట్టి ఒక్కొక్క దానిని ఎప్పుడు ఎత్తాలన్నది ఏటా మే నెలలోనే ప్రణాళికగా వేసుకోవాలి.

ఇక్కడ రెండు జాతుల అవసరాలు ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. స్టీల్‌హెడ్ పిల్లలు ఏడాదికి పైగా నదిలోనే ఉంటాయి కాబట్టి వాటి కోసం వేసవంతా దిగువ నదిపై ఉన్న వాట్ అవెన్యూ వంతెన దగ్గర నీరు 65 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటకుండా చూడటం లక్ష్యం. చినూక్ గుడ్లకు నవంబరులో 56 డిగ్రీల దాపున ఉండాలి, అంతకు మించితే గుడ్లు చనిపోవడం మొదలవుతుంది. జూలైలో స్టీల్‌హెడ్‌కు ఖర్చు చేసిన ప్రతి చల్లని చుక్కా నవంబరు ఖాతా నుంచి తీసినదే. నిల్వ తక్కువైన ఏట రెండూ సాధ్యం కావు, ఏది ఎంత వదులుకోవాలో మేలోనే తేల్చుకోవాలి. మరీ కష్టమైన ఏళ్లలో విద్యుత్ కేంద్రాన్ని పక్కనపెట్టి ఆనకట్ట అడుగు తూముల నుంచి నేరుగా చల్లని నీటిని వదులుతారు. అప్పుడు కరెంటు ఉత్పత్తి పోతుంది, ఆ నష్టాన్ని విద్యుత్ కొనేవారు భరిస్తారు. 2014 జూన్‌లో నీరు వేడెక్కుతుందన్న భయంతో నింబస్ హేచరీలోని చేపలన్నిటినీ ముందుగానే ఖాళీ చేయించారు.

జలాశయాన్ని లాగే మరో శక్తి డెల్టా. సముద్రపు ఉప్పునీరు శాక్రమెంటో-శాన్ వాకీన్ డెల్టాలోకి చొచ్చుకొచ్చినప్పుడు దాన్ని వెనక్కి నెట్టడానికి మంచినీరు కావాలి. షాస్టా జలాశయం నుంచి వదిలిన నీరు డెల్టా చేరడానికి సుమారు అయిదు రోజులు, ఓరోవిల్ జలాశయం నుంచి మూడు రోజులు పడితే, ఫోల్సమ్ నుంచి ఒక్క రోజు చాలు. అందుకే అత్యవసరమైనప్పుడు ముందు ఫోల్సమ్ గేట్లే కదులుతాయి. ఆ తొందర పనికి మిగిలిన రెండు జలాశయాల నుంచి తరువాత సర్దుబాటు జరిగినా, ఫోల్సమ్‌లో ఖర్చయిన చల్లని నీరు మాత్రం తిరిగి రాదు.

ఒడ్డున ఉన్న జనం

జలాశయం చుట్టూ 75 మైళ్ల తీరం ఉంది. రిక్లమేషన్‌తో ఒప్పందం మేరకు రాష్ట్ర పార్కుల విభాగం దాన్ని నిర్వహిస్తోంది. దిగువన నది పొడుగునా అమెరికన్ రివర్ పార్క్‌వే శాక్రమెంటో కౌంటీ చేతిలో ఉంది. డిస్కవరీ పార్క్ నుంచి జలాశయపు ఒడ్డున ఉన్న బీల్స్ పాయింట్ దాకా 32 మైళ్ల సైకిల్ బాట సాగుతుంది. ఫోల్సమ్, ఎల్డొరాడో హిల్స్, రోజ్‌విల్, రాంచో కార్డోవాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ ఒడ్డులు బాగా తెలిసినవే. ఫిబ్రవరిలో జలాశయం సగం ఖాళీగా ఉండగానే నదిలోకి నీరు వదలడం చూసి, వేసవికి దాచవచ్చు కదా అని అడిగేవారు ఎక్కువ. చలికాలంలో వరద పట్టడానికి నాలుగు లక్షల ఎకరా-అడుగులు, అంటే 17 టీఎంసీలకు పైగా ఖాళీ ఉంచక తప్పదు. 1986 ఫిబ్రవరిలో వరద వచ్చినప్పుడు, 1,15,000 క్యూసెక్కులకు రూపొందించిన దిగువ కరకట్టల మధ్య 1,34,000 క్యూసెక్కులు వదలవలసి వచ్చింది. శాక్రమెంటో ఆ రోజు అదృష్టవశాత్తు గట్టెక్కింది.

నీటిమట్టానికి, ప్రజల రాకపోకలకు ఉన్న సంబంధం అంకెల్లో సూటిగా కనిపిస్తుంది. నిండు మట్టం సముద్రమట్టానికి 466 అడుగులు. అది 412 అడుగులకు పడితే బ్రౌన్స్ రవీన్ దగ్గర మరీనా, అంటే పడవలు నిలిపే రేవులోని పడవలన్నీ బయటికి తీయాలి. 400 అడుగులకు వస్తే జలాశయమంతటా పడవల వేగం గంటకు 5 మైళ్లకు పరిమితం, ఎందుకంటే రాళ్లు నీటి కిందే దాగి ఉంటాయి. ఈ హద్దులు ఎప్పుడు దాటుతామో నిర్వాహకులకు ఏప్రిల్, మే నెలల అంచనాల్లోనే తెలుస్తుంది. కాబట్టి ఆ తేదీలను విడుదల ప్రణాళికతో పాటే ప్రకటించాలన్నది నా గట్టి అభిప్రాయం. మూడు వారాల ముందు తెలిసిన పడవ యజమాని సర్దుకుంటాడు. మూడు రోజుల ముందు తెలిసినవాడు చేపను తిడతాడు.

కరువు కొత్త రకం జనాన్ని కూడా తీసుకొస్తుంది. 1955లో మునిగిపోయిన మోర్మన్ ఐలాండ్ అనే బంగారు తవ్వకాల నాటి ఊరి పునాదులు 2014 జనవరి నాటికి బయటపడ్డాయి. వేల మంది పగిలిన బురద మీద నడిచి చూడటానికి వచ్చారు. పాత మేకులు, పింగాణీ ముక్కలు జేబుల్లో వేసుకోవడం నేరమని పార్కుల సిబ్బంది పదేపదే చెప్పవలసి వచ్చింది. నీరు లేని జలాశయానికి జనం రారని అనుకుని ఆ కాలంలో సిబ్బందిని తగ్గించడం సరికాదని అప్పుడు రుజువైంది.

నది ఒడ్డున సమస్య వేరు. గుడ్లున్న గుంటలు పైకి కనబడవు. చుట్టూ ఉన్న నాచుపట్టిన రాళ్ల మధ్య కొత్తగా తిరగేసిన రాళ్లు లేతరంగులో, ఒక మంచమంత మేర మెరుస్తుంటాయి, తెలిసినవారు మాత్రమే వాటిని గుర్తుపడతారు. తెలియనివారు, వారి పిల్లలు, కుక్కలు వాటి మీదుగానే నీళ్లలోకి దిగుతారు. సెయిలర్ బార్, సన్‌రైజ్ వంటి చోట్ల 2008 నుంచి టన్నుల కొద్దీ గులకరాళ్లు తెచ్చి నదిలో పోస్తున్నారు, ఎందుకంటే ఆనకట్ట ఎగువ నుంచి రావలసిన రాళ్లను ఆపేసింది. అలా పోసిన చోట్లకే చేపలు ఎక్కువగా వస్తాయి. లారీలు దిగడానికి వేసిన దారి వల్ల, నేల చదునుగా ఉండటం వల్ల జనం దిగడానికి కూడా ఆ చోట్లే అనువు. మేలు కోసం చేసిన పనే ఆ విధంగా చేపనూ మనిషినీ ఒకే నాలుగు గజాల నీటిలోకి తెచ్చింది. దీనికి ఒడ్డును మూసెయ్యడం పరిష్కారం కాదు. దిగే దారిని గుంటలకు దిగువవైపు మళ్లించి, చూడటానికి ఎత్తయిన చోటు ఇచ్చి, అక్టోబరు నుంచి జనవరి దాకా ఆ చోట మనిషిని నిలబెట్టి వివరించడం మేలు. చేపను కళ్లారా చూసినవాడికి నీళ్లలో దిగవద్దని చెప్పడం తేలిక. నింబస్ నుంచి కొంత దూరం ఏడాది పొడుగునా, దాని దిగువన కొన్ని మైళ్లు గుడ్లు పెట్టే నెలల్లో వేట నిషేధించడం కూడా ఇదే పద్ధతిలోని భాగం.

గుడ్లు పెట్టాక చనిపోయిన చేపలు డిసెంబరులో ఒడ్డుల వెంట పడి ఉంటాయి, వాసన వస్తుంది. నీరు కలుషితమైందని ఫిర్యాదు చేసేవారుంటారు. సముద్రం నుంచి ఆ చేప మోసుకొచ్చిన పోషకాలు పక్షులకు, పురుగులకు, ఒడ్డున చెట్లకు, చివరికి తన పిల్లలకే అందుతాయి. శాస్త్రవేత్తలు ఆ కళేబరాలను లెక్కించే ఆ ఏడు ఎన్ని చేపలు వచ్చాయో అంచనా వేస్తారు. వాటిని తీసిపారేయకూడదు.

గేటు విరిగిన రోజు

1995 జూలై 17న వరద నీరు వదిలే ఫోల్సమ్ స్పిల్‌వే మూడో నంబరు రేడియల్ గేటును తెరుస్తుండగా అది విరిగిపోయింది. సుమారు 40,000 క్యూసెక్కుల నీరు ఆపడానికి వీల్లేకుండా నదిలోకి దూకింది. వేసవి రోజు కావడంతో దిగువన జనం ఉన్నారు, అయినా ఎవరూ చనిపోలేదు. నీటిమట్టం స్పిల్‌వే అంచుకు పడేదాకా, అంటే నిల్వలో సుమారు 40 శాతం పోయేదాకా ప్రవాహం ఆగలేదు. గేటు తిరిగే ట్రనియన్ పిన్ దగ్గర తుప్పు వల్ల రాపిడి పెరిగిందని, ఆ రాపిడి బరువును గేటు చేతుల మధ్య ఉన్న బ్రేసులు (అడ్డ కమ్మీలు) తట్టుకోలేకపోయాయని, అసలు డిజైనులోనే ఆ రాపిడిని లెక్కలోకి తీసుకోలేదని తరువాతి పరిశీలనలో తేలింది. అంత మంచినీరు ఒక్కసారిగా జూలైలోనే సముద్రం వైపు పోవడంతో శరత్కాలపు వానలొచ్చాయని భ్రమపడి సాల్మన్, స్ట్రైప్డ్ బాస్ చేపలు నెలల ముందే ఎగువకు బయల్దేరాయని నమోదైంది. మన దగ్గర 2021 ఆగస్టులో పులిచింతల 16వ గేటు, 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు చర్చంతా పోయిన టీఎంసీల చుట్టూ, సాగునీటి చుట్టూ తిరిగింది. అది సహజమే. కానీ దిగువ నదిలో ఉన్న జాలరులకు, స్నానానికి దిగినవారికి ఎంత సమయంలో హెచ్చరిక అందిందన్నది, చేపలకు ఏమైందన్నది కూడా ఆ విచారణల్లో ఒక అధ్యాయంగా ఉండాలి.

రాకపోకల విషయంలో మరో మలుపు 2003 ఫిబ్రవరిలో వచ్చింది. ఆనకట్ట పైనుంచి పోయే రోడ్డును భద్రతా కారణాలతో ప్రజలకు మూసివేశారు. ఫోల్సమ్ పట్టణంలో ట్రాఫిక్ ఇరుక్కుపోయింది. ఆనకట్టకు దిగువన కొత్త వంతెన 2009లో తెరిచేదాకా ఆ కష్టం తీరలేదు. ఆనకట్టను రోజూ చూస్తూ దాటిన ఒక తరం దానికి దూరమైంది. ఆనకట్ట లోపల ఏం జరుగుతోందో చెప్పే పని ఆ తరువాత మరింత ముఖ్యమైంది.

ఇప్పటి నిర్వహణ

2017లో పూర్తయిన సహాయక స్పిల్‌వే గేట్లు పాత గేట్ల కంటే 50 అడుగుల లోతున ఉన్నాయి. తుపాను రాకముందే, నీటిమట్టం తక్కువగా ఉన్నప్పుడే పెద్ద ఎత్తున నీరు వదిలే వీలు దీనితో కలిగింది. దాన్ని ఆధారం చేసుకుని 2019లో వచ్చిన కొత్త నియమావళి వాతావరణ సూచనలను బట్టి వరద ఖాళీని పెంచడానికి, తగ్గించడానికి అనుమతిస్తుంది. వాన సూచన లేనప్పుడు వసంతంలో ఎక్కువ నీరు నిలపవచ్చు, నిలిపిన నీటితో పాటు చల్లదనమూ నిలుస్తుంది. సాల్మన్‌కు ఇది మేలే. అయితే సూచన మారినప్పుడల్లా విడుదల మారే అవకాశం కూడా పెరిగింది. పెద్ద ప్రవాహం వచ్చి వేగంగా తగ్గితే చేప పిల్లలు ఒడ్డు గుంటల్లో చిక్కుకుపోతాయి. పెంచడంలో ఎంత తొందరపడినా, తగ్గించడంలో నిదానం పాటించాలి.

2023, 2024లలో కాలిఫోర్నియా సముద్ర తీరంలోనూ, ఈ నదిలోనూ సాల్మన్ వేటను పూర్తిగా మూసివేశారు. ఈ చేప మూడేళ్లకు తిరిగి వస్తుంది కాబట్టి కరువు రోజుల్లో ఎండిన గుడ్ల లోటు మూడేళ్ల తరువాత వలలో కనిపిస్తుంది. సముద్రంలో ఆహారం, డెల్టాలో నీటిని తోడే పంపులు, ఇతర నదుల పరిస్థితి కూడా కారణాలే. వాటిలో జలాశయ నిర్వాహకుని చేతిలో ఉన్నది ప్రవాహం, చల్లదనం మాత్రమే. దీనికి తోడు 2024 చివరలో డెల్టాలో గోల్డెన్ మస్సెల్ అనే విదేశీ ఆల్చిప్ప బయటపడింది. అది తూములకు, హేచరీ పైపులకు అతుక్కుని మూసేస్తుంది. దాన్ని ఆపడానికి 2025 వసంతం నుంచి ఫోల్సమ్‌లో దిగే మోటారు పడవలకు తనిఖీ, సీలు, 30 రోజుల నిరీక్షణ తప్పనిసరి చేశారు. పడవల యజమానులు నొచ్చుకున్నారు. కానీ ఒక్క పైపులో పడిన ఆ జీవి చల్లని నీటిని అందించే యంత్రాంగం మొత్తాన్నీ దెబ్బతీయగలదు కాబట్టి ఆ కట్టడిని నేను పూర్తిగా సమర్థిస్తాను.

గోదావరి జిల్లాల పాఠకులకు ఈ విషయం పరాయిది కాదు. సముద్రం నుంచి వరద నీటికి ఎదురీది వచ్చే పులస ధవళేశ్వరం దగ్గర ఆగిపోతుంది. పులస సాల్మన్ లాగా గులకరాళ్లలో గుంట తవ్వదు, ఒకసారి గుడ్లు పెట్టి చనిపోదు, కాబట్టి ఫోల్సమ్ అంకెలు అక్కడ పనికిరావు. పద్ధతి మాత్రం పనికొస్తుంది. చేప వచ్చే వారాలను ముందు గుర్తించాలి. ఆ వారాల్లో గేట్ల కదలికలను సాగునీటి పట్టికతో పాటు చేప పట్టికతోనూ సరిచూడాలి. ఆ పట్టిక తయారుచేసే బల్ల దగ్గర జాలరికి కుర్చీ ఉండాలి.

ఇలాంటి జలాశయం ప్రణాళికను ఎవరైనా నా ముందు పెడితే నేను మొదట అడిగేది అక్టోబరు 1 నాటి నిల్వ, అప్పటి నుంచి మార్చి 31 దాకా వానలు రాకపోయినా నిలపగల ప్రవాహం ఎంత అన్నది. ఆ అంకెను చేపలు గుంటలు తవ్వడం మొదలుపెట్టక ముందే ప్రజలకు చెప్పాలి. విడుదల మార్పు ప్రకటనలో క్యూసెక్కులతో పాటు ఏ ఒడ్డున నీరు ఎంత పెరుగుతుందో లేదా తగ్గుతుందో, ఎన్ని గంటలకు అక్కడికి చేరుతుందో, ఆ మార్పు ఎవరి కోసమో రాయాలి. నది ఒడ్డున ఉన్న బోర్డుల మీద ఇంగ్లీషు, స్పానిష్‌తో పాటు ఆ ఒడ్డుకు నిజంగా వచ్చేవారు చదివే భాషలు కూడా ఉండాలి.